ఎరిత్రోమైసిన్‌ని కట్టే ఎంజైములో ఈ మాడ్యూళ్లు ఏమిటి?

ఒక ఎంజైము ఒక్క పనే చేస్తుందని డిగ్రీలో చదివాం కదా, మరి ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ మందుని తయారుచేసే ఎంజైములో ‘మాడ్యూళ్లు’ అంటారేమిటి, అవి వరుసగా ఎలా పనిచేస్తాయి అని అడిగారు. నాకూ ఎమ్మెస్సీలో ఇదే సందేహం. మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, పైచదువు అంతా ఇంగ్లీషు. పేర్లన్నీ బట్టీ పట్టాను గానీ విషయం మాత్రం మా మేడకి స్లాబ్ వేసిన రోజే అర్థమైంది.

కింద మాలు కలిపే దగ్గర్నుంచి పైదాకా మనుషులు వరుసగా నిలబడి తట్ట చేతులు మారుస్తారు చూడండి, ఇదీ అంతే. కాకపోతే ఇక్కడ వరుసలో ఉన్న ప్రతి మనిషీ, అంటే ఎంజైములోని ప్రతి మాడ్యూలూ, తట్టలో తన ముక్క ఒకటి వేసి మరీ పక్కవాళ్లకి ఇస్తాడు, మధ్యలో తట్ట నేల మీద పెట్టడం ఉండదు.

సాకరోపాలీస్పోరా ఎరిత్రియా అనే మట్టి బ్యాక్టీరియాలో ఈ వరుస మూడు పెద్ద ప్రోటీన్లలో ఉంది, ఒక్కో ప్రోటీన్‌లో రెండేసి మాడ్యూళ్లు, మొత్తం 6. మొదటి ముక్క ప్రొపియోనేటు, ఆ తర్వాత ఒక్కో మాడ్యూలు ఒక్కో మూడు కార్బన్ల ముక్క కలుపుతుంది, అంటే 7 ముక్కలకి 21 కార్బన్లు. మాడ్యూల్ లోపల ఏటీ అనే భాగం ఏ ముక్క కావాలో ఏరుతుంది, ఏసీపీ తనకున్న పొడవాటి చెయ్యిలాంటి దానితో దాన్ని పట్టుకుంటుంది, కేఎస్ ముందు మాడ్యూల్ నుంచి వచ్చిన గొలుసుని దానికి అతికిస్తుంది. అతికేటప్పుడు ఒక కార్బన్ డయాక్సైడు బయటికి పోతుంది, అతుకు పడటానికి కావాల్సిన తోపుడు బలం అక్కడే వస్తుంది. చివర్లో టీఈ అనే భాగం గొలుసుని విడదీసి 14 పరమాణువుల రింగుగా మూసేస్తుంది. దీనికి ఇంకా మందు గుణం ఉండదు, వేరే ఎంజైములు వచ్చి ఆక్సిజన్లు చేర్చి రెండు చక్కెరలు తగిలిస్తేనే ఎరిత్రోమైసిన్.

నాకు బాగా నచ్చేది అతుకు పడ్డాక జరిగే పని. ప్రతి అతుకు దగ్గరా ఒక కీటో, అంటే డబుల్ బాండ్‌తో ఆక్సిజన్ ఉన్న కార్బన్, మిగులుతుంది. మాడ్యూల్లో కేఆర్ అనే భాగం ఉంటే అది ఆల్కహాలు అవుతుంది, డీహెచ్ కూడా ఉంటే నీరు పోయి డబుల్ బాండ్ వస్తుంది, ఈఆర్ కూడా ఉంటే అదీ పోయి మామూలు సీహెచ్2 మిగులుతుంది. నాలుగో మాడ్యూల్లో మూడూ ఉన్నాయి, అందుకే రింగులో ఆ చోట ఆక్సిజనే లేదు. అంటే జన్యువు చదివితే అణువు బొమ్మ చాలావరకు గీసెయ్యొచ్చు. ఇది ఉత్త ఊహ కాదు, 1995లో కేంబ్రిడ్జి వాళ్లు చివర ఉండే టీఈని తెచ్చి రెండో మాడ్యూల్ వెనకే పెడితే, గొలుసు అక్కడే తెగి చిన్న ఆరు పరమాణువుల రింగు వచ్చింది.

ప్రాజెక్టుకి నేను మహేంద్రతనయ ఒడ్డున జీడితోట మట్టి నుంచి స్ట్రెప్టోమైసిస్ అనే బ్యాక్టీరియా తీశాను. ప్లేటు మూత తీస్తే తొలకరి వాసన, అది ఈ బ్యాక్టీరియా చేసే జియోస్మిన్ అనే పదార్థానిదే. అందులో కేఎస్ జన్యువు ఉందో లేదో చూడ్డానికి పీసీఆర్ (డీఎన్ఏ ముక్కకి నకళ్లు తీసే పద్ధతి) పెడితే, నకళ్లు వచ్చాయని చూపే బ్యాండ్ మూడు వారాలు ఒక్కటీ రాలేదు, గైడ్ దగ్గరికి వెళ్లాలంటే ఒకటే టెన్షన్. వీటి డీఎన్ఏలో జీసీ, అంటే గట్టిగా అతుక్కునే జీ, సీ అక్షరాల వాటా, 70 శాతం పైనే ఉంటుంది, పోగులు సరిగ్గా విడవవు, పోగులు విడవడానికి సాయం చేసే డీఎంఎస్ఓ అనే ద్రావకం 5 శాతం కలిపి చూడమని సీనియర్ అక్క చెప్పింది. మర్నాడే బ్యాండ్ వచ్చింది. అయినా స్టాఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా పెంచిన ప్లేటు మీద జోన్, అంటే అది పెరగని ఖాళీ వలయం, రాలేదు. జన్యువు ఉన్నంత మాత్రాన ల్యాబ్‌లో ఆ పదార్థం చేస్తుందని లేదు. 2002లో స్ట్రెప్టోమైసిస్ సీలికలర్ జీనోమ్ చదివినప్పుడు ఇలాంటి పదార్థాలు చేసే జన్యు గుంపులు 20కి పైగా బయటపడ్డాయి, అప్పటికి తెలిసిన పదార్థాలు మాత్రం కొన్నే.

ఎరిత్రోమైసిన్ జన్యువుల వరుసని ఇలాంటి జన్యు గుంపుల్ని గుర్తుపట్టే యాంటీస్మాష్ అనే ప్రోగ్రాంలో వేసి మీరే చూడండి, ఉచితమే. ఒక్క జాగ్రత్త, మూడో మాడ్యూల్లో కేఆర్ ఉన్నట్టే కనిపిస్తుంది గానీ కీటోని ఆల్కహాలు చెయ్యడం దానికి చేతకాదు, అక్కడ కీటో అలాగే మిగులుతుంది. నేను ఆ ఒక్కదాని దగ్గరే రెండు రోజులు ఆగిపోయాను.