బండి కబుర్లు: ట్రైలర్ తగిలిస్తే డీజిల్ ఎటు పోతోంది?

పికప్ వెనకాల ట్రైలర్ పెట్టి తిప్పేవాళ్ళు డెల్టాలో బాగా ఎక్కువైనట్టున్నారు, ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగం పైన అవే. చెరువులవాళ్ళవి, ఒక నర్సరీవాళ్ళది, ఒక కొబ్బరికాయల వ్యాపారిది తీసుకున్నాను. ఒకే ప్రశ్న నలుగురు అడిగితే ఒకరిదే వేశాను, మిగతావాళ్ళు ఏమీ అనుకోకండి.

ప్రశ్న: అన్నా నమస్తే. మాది భీమవరం దగ్గర, రొయ్యల చెరువులండి. పికప్‌కి వెనకాల రెండు చక్రాల ట్రైలర్ ఒకటి చేయించాను. పికప్‌లో 40 మేత బస్తాలు, ట్రైలర్లో ఇంకో 40, ఒక్కోసారి ఆ బస్తాల పైనే ఏరేటర్లు (చెరువు నీళ్ళకి గాలి పట్టించే యంత్రాలు) కూడా ఎక్కించేస్తాం. పోను లోడు రాను ఖాళీ, మొత్తం 120 కిలోమీటర్లు. ట్రైలర్ లేకపోతే 12 ఇచ్చే బండి, తగిలిస్తే 8కి పడిపోతోంది. మా బావమరిదేమో ఆ ట్రైలర్ తీసి పక్కన పడేయ్, రెండు ట్రిప్పులేసుకో, బరువు తగ్గితే డీజిల్ మిగులుద్ది అంటున్నాడు. నిజమేనంటారా?

జవాబు: ఈ ఒక్క విషయంలో బావమరిది మాట వినకండి తమ్ముడూ. లెక్క చూడండి. ట్రైలర్‌తో 120 కిలోమీటర్లు, 8 చొప్పున 15 లీటర్లు, 80 బస్తాలు చెరువు గట్టుకి చేరిపోయాయి. ట్రైలర్ లేకుండా రెండు ట్రిప్పులంటే 240 కిలోమీటర్లు, 12 చొప్పున 20 లీటర్లు, చేరింది అవే 80 బస్తాలు. ఐదు లీటర్లు ఎక్కువ, పైగా డ్రైవర్‌కి ఇంకో పూట. లీటరుకి 12 అని చెప్పుకోడానికి బాగుంటుంది గానీ సరుకు తోలుకునేవాళ్ళకి కావాల్సింది బస్తాకి ఎంత డీజిల్ పడిందని. అలా చూస్తే మీ ట్రైలరే నయం.

అలాగని 8 దగ్గరే సరిపెట్టుకోమని కాదు. ట్రైలర్ తగిలించినందుకు మీకు వంద కిలోమీటర్లకి అదనంగా పడుతోంది సుమారు 4 లీటర్లు, 8.3 పట్టేది 12.5 పడుతోంది. ఇందులో బరువు తినేది ఎంతనుకుంటున్నారు? ఖాళీ ట్రైలర్ అర టన్ను వేసుకోండి, బస్తా 25 కిలోల లెక్కన 40 బస్తాలు ఒక టన్ను, మొత్తం టన్నున్నర. మన వైపు రోడ్డు బల్లపరుపు కాబట్టి ఆ బరువుని దొర్లించడం పెద్ద కష్టం కాదు ఇంజనుకి, మంచి తారు రోడ్డు, టైర్లలో గాలి సరిగ్గా ఉంటే టన్నుకి వంద కిలోమీటర్లకి ఒక లీటరు, కాస్త అటూ ఇటూ. అంటే బరువు వాటా లీటరున్నర దాటదు, వచ్చేటప్పుడు ఖాళీయే కాబట్టి ఇంకా తక్కువే. అదే మారేడుమిల్లి ఘాటీ ఎక్కించాలంటే ప్రతి బస్తా డీజిల్ తాగుద్ది, అక్కడ మీ బావమరిది మాటకి కొంత విలువుంది.

మిగతా రెండున్నర లీటర్లూ గాలి, బ్రేకులు, టైర్లు, మీ కుడికాలు కలిసి పంచుకుంటున్నాయి. పెద్ద వాటా గాలిది. స్పీడు రెట్టింపైతే గాలి అడ్డం నాలుగు రెట్లవుతుంది, 60లో పోయేవాడు 80కి లాగితే 1.8 రెట్లు దాకా పెరుగుద్ది. మీ 60 కిలోమీటర్లకి 80లో పోతే 45 నిమిషాలు, 60లో పోతే గంట, కాగితం మీద పావుగంట మిగిలినట్టే గానీ మధ్యలో ఊళ్ళు, గేదెలు, వంతెనల దగ్గర ఎదురొచ్చే లారీలు, ఆ పావుగంట ఎక్కడ మిగులుద్ది చెప్పండి. ఇంకోటి, మధ్యాహ్నం దాటితే సముద్రం వైపునించి గాలి తిరుగుద్ది కదా, ఎదురుగా 20 స్పీడు గాలి ఉంటే మీరు 60లో పోతున్నా గాలి లెక్కలో 80లో పోతున్నట్టే. మేత పొద్దున్నే తోలేసుకోండి.

ఆ ఏరేటర్ల సంగతి. బస్తాల పైన రెక్కల చక్రాలు నిలబెట్టి తేవడమంటే ఎదురుగాలికి గొడుగు తెరిచి పట్టుకుని సైకిల్ తొక్కినట్టే. చక్రాలు విప్పేసి, తెప్పలు పడుకోబెట్టి, మోటార్లు అడుగున పెట్టి, మొత్తం ఎత్తు పికప్ క్యాబిన్ దాటకుండా సర్దండి. అప్పుడు గాలిని క్యాబినే చీలుస్తుంది, ట్రైలర్ దాని చాటున వచ్చేస్తుంది. విప్పడానికి స్పానర్‌తో పట్టే పది నిమిషాలకి బద్ధకించే మనవాళ్ళు డీజిల్ రేటు గురించి మాత్రం టీ కొట్టు దగ్గర గంట మాట్లాడతారు.

ఇక చేత్తో చూసుకునే పని ఒకటుంది. 20 కిలోమీటర్లు తోలాక, బ్రేకు గట్టిగా తొక్కకుండా నెమ్మదిగా పక్కకి ఆపండి. ట్రైలర్ చక్రం మధ్యలో హబ్బు దగ్గరికి ముందు అరచెయ్యి కాస్త దూరంగా పెట్టి సెగ చూసుకుని, తర్వాత వేలితో తాకండి. రెండు వైపులా ఒకేలా గోరువెచ్చగా ఉంటే భయం లేదు. ఒకటి మాత్రం వేలు పెట్టనివ్వకుండా కాలిపోతుంటే లోపల బేరింగన్నా బిగిసుండాలి, ట్రైలర్‌కి బ్రేకుంటే లైనరు డ్రమ్ముకి రాసుకుంటూ అన్నా ఉండాలి. జాకీ పెట్టి లేపి చక్రం తిప్పండి, తేలిగ్గా నాలుగు చుట్లు తిరగాలి, తిప్పీ తిప్పగానే ఆగిపోయిందంటే మీ డీజిల్ కారేది అక్కడే. ఉప్పునీళ్ళ చెరువుల గట్ల మీద తిరిగే ట్రైలర్లకి ఇది మరీ ఎక్కువ, గ్రీజు సీలు పోయి ఉప్పునీళ్ళు లోపలికి దిగితే బేరింగు తుప్పు పట్టడానికి ఎక్కువ రోజులు అక్కర్లేదు.

అదే చేత్తో టైరు కూడా తడమండి. టైరు మీద అడ్డంగా ఒక పక్కకి తడిమితే నున్నగా, రెండో పక్కకి తడిమితే గరుగ్గా తగులుతోందంటే టైరు దొర్లడం లేదు, పక్కకి ఈడ్చుకుంటూ వస్తోంది. వెల్డింగ్ షాపులో చేయించిన ట్రైలర్లకి ఇరుసు కాస్త వంకరగా పడటం మామూలే. హుక్కు మధ్య నుంచి ఎడమ చక్రం మధ్యకి ఒకసారి, కుడి చక్రం మధ్యకి ఒకసారి టేపు పెట్టి కొలవండి, రెండూ ఒకటే రావాలి, రాకపోతే ఇరుసు యూ బోల్టులు వదులు చేసి సర్దించండి. గాలి కూడా పంచర్ షాపులో అందాజాగా కొట్టించుకోకండి, మీటర్ పెట్టించి, బండి చల్లగా ఉన్నప్పుడు, ఆ టైరుకి ఆ లోడుకి చెప్పినంత పట్టించండి.

ఆఖరుగా కుడికాలు. పికప్, ట్రైలర్, సరుకు కలిపి 4 టన్నులు పైనే ఉంటుంది మీది. 50లో పోతున్నది పూర్తిగా ఆగి మళ్ళీ 50కి రావాలంటే సుమారు 35 మిల్లీలీటర్లు, అంటే 30 సార్లు ఆగి లేస్తే ఒక లీటరు అయిపోయినట్టే. బరువు నిజంగా డీజిల్ తినేది ఇక్కడ. స్పీడ్ బ్రేకర్ దూరాన కనబడగానే కాలు తీసేసి బండిని దానంతట అది జారనిచ్చి, పూర్తిగా ఆగకుండా సెకండ్ గేర్లో దాటించే డ్రైవర్‌కీ, చివరిదాకా తొక్కుకొచ్చి సడెన్‌గా బ్రేకేసే డ్రైవర్‌కీ ఒకే బండి మీద వేరువేరు మైలేజీ వస్తుంది.

ఇవన్నీ చేశాక తేడా చూడాలంటే డాష్‌బోర్డు మీద అంకె నమ్మకండి. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, ట్యాంకు ఫుల్ కొట్టించి రీడింగ్ రాసుకోండి, కొన్ని ట్రిప్పులయ్యాక మళ్ళీ ఫుల్ కొట్టించి ఎన్ని లీటర్లు పట్టిందో చూడండి. బస్తాలు కూడా పక్కనే రాయండి. ఇంకో మాట, ఇది డీజిల్ కంటే ముందు మాట అసలు: మీ పికప్ కంపెనీ పుస్తకంలో ట్రైలర్ లాగొచ్చని, ఎంత బరువు లాగొచ్చని రాసుందా? అన్ని పికప్‌లకీ ఆ అనుమతి ఉండదు. హుక్కు ఛాసిస్‌కి బిగించి ఉండాలి, బంపర్‌కి వెల్డింగ్ పెట్టించినదైతే రేపే తీయించేయండి.

ప్రశ్న: అన్నయ్య గారూ, మాది కడియం నర్సరీ. విజయవాడ వైపు మొక్కలు పంపిస్తాం. చిన్న కుండీలు పికప్‌లో, పొడుగు మొక్కలు ట్రైలర్లో నిలబెట్టి పైన వల కడతాం. హైవే అంతా బాగుంటుంది గుంతలుండవు, అయినా మైలేజీ మా ఊరి రోడ్ల మీద కంటే తక్కువొస్తోందని మా వారు అంటున్నారు. బండిలో లోపమా?

జవాబు: బండిలో లోపం లేదు చెల్లెమ్మా, రోడ్డు బాగుందని స్పీడు పెరగడమే లోపం. వేమగిరి దాటి జొన్నాడ బ్రిడ్జి ఎక్కాక 16వ నంబరు రోడ్డు మీద ఎవరికైనా 80 దాటించాలనే అనిపిస్తుంది, వెనకాల క్యాబిన్ కంటే ఎత్తుగా మొక్కలు నిలబడున్నాయి, వల కట్టినా గాలికి అది గోడే. మీ నర్సరీల్లో పెద్ద లారీలకి ఎలాగూ చేస్తారు కదా, పొడుగు మొక్కలు వేర్ల గడ్డ ముందుకీ తలలు వెనక్కీ వచ్చేట్టు వాల్చి పేర్చడం, ట్రైలర్లో కూడా అదే చెయ్యించండి. ఆకులు కూడా గాలికి వాడిపోకుండా చేరతాయి, అది మీకు డీజిల్ కంటే పెద్ద లాభం. స్పీడు 60, 65 మధ్య ఉంచమనండి. ఖాళీగా వచ్చేటప్పుడు బరకం మడిచి అడుగున పెట్టేయమనండి, వదులుగా కట్టిన బరకం దారంతా పటపటలాడుతోందంటే ఆ చప్పుడుకి కూడా మీరే డీజిల్ పోస్తున్నారు.

ప్రశ్న: అంబాజీపేట నించి కొబ్బరికాయల లోడు, రావులపాలెం, సిద్ధాంతం మీదుగా తణుకు వైపు వెళ్తామండి. మా డ్రైవరు వంతెనలూ ఫ్లైఓవర్లూ దిగేటప్పుడు న్యూట్రల్ చేసేస్తాడు, ఎక్కేటప్పుడేమో ఐదో గేరులోనే లాగిస్తాడు, రెండూ డీజిల్ ఆదా అంటాడు. ఆయ్, నాకేమో భయంగా ఉంటుందండి.

జవాబు: మీ భయమే కరెక్టండి. ఇప్పటి డీజిల్ ఇంజన్లు గేరులో ఉండగా కాలు పూర్తిగా తీసేస్తే, బండే ఇంజన్ని తిప్పుతున్నంతసేపూ డీజిల్ పూర్తిగా ఆపేస్తాయి. న్యూట్రల్ చేశారంటే ఇంజన్ ఆగిపోకుండా ఉండడానికి మళ్ళీ డీజిల్ ఇవ్వాల్సిందే. అంటే ఆదా అనుకుని ఖర్చు పెడుతున్నాడు. పైగా వెనక ట్రైలర్ బండిని తోస్తుంటే ఇంజను పట్టు ఉండదు, మొత్తం బరువు బ్రేకుల మీదే పడుద్ది, సడెన్‌గా తొక్కితే ట్రైలర్ అడ్డం తిరుగుద్ది. ఎక్కేటప్పుడు ఐదో గేరులో ఇంజన్ గొణుగుతూ వణుకుతోందంటే నాలుగు వేయమనండి, టర్బో డీజిల్‌కి 1,800 ఆర్పీఎం పైన ఉంటే లాగుడు హాయిగా ఉంటుంది. వంతెన ఎక్కుడుకి భయపడి ఇన్ని విన్యాసాలు అక్కర్లేదు, 4 టన్నులు 10 మీటర్ల ఎత్తు ఎక్కినా పైన చెప్పిన ఒక్క స్పీడ్ బ్రేకర్ ఖర్చే.

ప్రశ్న: ఉండి మండలం. చేపపిల్లల్ని ట్రైలర్ మీద 1,000 లీటర్ల ట్యాంకులో తోలుతున్నాం. సగం నీళ్ళే పోస్తే అర టన్ను తగ్గి మైలేజీ పెరుగుద్దా?

జవాబు: వంద కిలోమీటర్లకి అర లీటరు మిగిలితే గొప్ప. సగం ట్యాంకులో నీళ్ళు ముందుకీ వెనక్కీ కొట్టుకుంటాయి, బ్రేకేస్తే బండిని తోస్తాయి, ఎక్సిలేటర్ ఇస్తే వెనక్కి లాగుతాయి, డ్రైవర్ మాటిమాటికీ సర్దుకోవడంలో ఆ అర లీటరూ పోతుంది. మధ్యలో పిల్లలు నలిగిపోతే ఆ నష్టం ముందు డీజిల్ లెక్కే కాదు. నీళ్ళు తక్కువ చాలనుకుంటే చిన్న ట్యాంకు పెట్టండి, లేదా లోపల కన్నాలున్న అడ్డు పలకలు పెట్టించండి. ట్యాంకు ఇరుసుకి కాస్త ముందుకి ఉండాలి, ట్రైలర్ మొత్తం బరువులో పదో వంతుకి తగ్గకుండా హుక్కు మీద పడాలి. 1,200 కిలోలైతే 120 కిలోలు. వెనక్కి జరిపితే ట్రైలర్ పాములా ఊగడం మొదలెడుతుంది.

ప్రశ్న: డీజిల్ పైపుకి అయస్కాంతం కడితే మైలేజీ పెరుగుద్దంటున్నారు, ట్రైలర్ బండ్లకి ప్రత్యేకంగా ఉందంట.

జవాబు: పెరగదు.

ప్రశ్న: నరసాపురం నించి సార్. ట్రైలర్‌కి వేరే రిజిస్ట్రేషన్ కావాలా? పికప్ నంబరు వెనకాల రాయిస్తే చాలదా?

జవాబు: చాలదండి. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 61 ప్రకారం ట్రైలర్‌కి కూడా మిగతా బండ్లలాగే రిజిస్ట్రేషన్ ఉండాలి. దాని సొంత నంబరు పక్కన, లాగే బండి నంబరు ట్రైలర్ మీద, రెండూ ఉండాలి. ఇన్సూరెన్స్ కాగితంలో ట్రైలర్ కూడా రాసుందో లేదో ఏజెంటుని అడిగి చూసుకోండి, లేకపోతే యాక్సిడెంట్ అయిన రోజున తెలుస్తుంది. వెనక లైట్ల వైరు ప్లగ్గు ఉప్పుగాలికి పచ్చగా పట్టేసి ఉంటుంది మీ వైపు, రిజిస్ట్రేషన్‌కి తీసుకెళ్ళే ముందు దాన్ని శుభ్రం చేయించి బ్రేక్ లైటు, ఇండికేటర్లు వెలుగుతున్నాయో లేదో ఒక మనిషిని వెనకాల నిలబెట్టి చూసుకోండి.