సెలైన్ గురించి రాసేముందు

చిరంజీవికి ఆశీస్సులు.

పెద్ద శస్త్రచికిత్సల్లో నరంలోకి ఎక్కించే ద్రవాల మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష సాఫీగా ఉంది. అయితే సెలైన్ సీసాలోని ద్రవానికి పీహెచ్ (ఆమ్లత్వాన్ని చెప్పే అంకె; ఇది తగ్గేకొద్దీ ఆమ్లత్వం ఎక్కువ) తక్కువ కాబట్టి రోగి రక్తం ఆమ్లం వైపు జరుగుతుందన్న వాక్యాన్ని మాత్రం కొట్టివేయక తప్పదు. (మొదట్లో నేనూ అలాగే రాశాను.) సీసాలోని ఆ కాస్త ఆమ్లాన్ని రక్తం ఇట్టే సర్దుకుంటుంది. అసలు దోషం క్లోరైడ్‌ది.

0.9 శాతం సెలైన్‌లో, అంటే ఉప్పునీటిలో, లీటరుకు సోడియం 154, క్లోరైడ్ 154 మిల్లీమోల్స్ ఉంటాయి. ప్లాస్మాలోనైతే (రక్తంలోని ద్రవభాగంలో) సోడియం 140కి, క్లోరైడ్ 100కి అటూఇటూగా ఉంటాయి; వాటి మధ్య మిగిలే ఆ 40 తేడాలోనే ఆమ్లాన్ని అదుపులో ఉంచే బైకార్బనేట్‌కు చోటు దొరుకుతుంది. తేడాయే లేని ద్రవాన్ని లీటర్ల కొద్దీ ఎక్కిస్తే ఆ చోటు ఇరుకై, బైకార్బనేట్ తగ్గి, పీహెచ్ పడిపోతుంది. 1999లో వెలువడిన ఒక అధ్యయనంలో, గర్భాశయ సంబంధమైన శస్త్రచికిత్సల్లో కిలో బరువుకు గంటకు 30 మిల్లీలీటర్ల చొప్పున సెలైన్ ఎక్కించినవారి పీహెచ్ రెండు గంటల్లో 7.41 నుంచి 7.28కి దిగింది, క్లోరైడ్ తక్కువగా ఉండి లాక్టేట్ కలిసిన రింగర్ లాక్టేట్ అనే ద్రవం ఎక్కించినవారిలో దాదాపు కదలలేదు.

ఇందులో ప్రమాదం ఎక్కడుందో నీ వ్యాసం చెప్పలేదు. పీహెచ్ తగ్గిందని చూసి, కణజాలానికి రక్తం చాలడం లేదని భ్రమపడి మరో రెండు సీసాల సెలైన్ ఎక్కిస్తే, మందే జబ్బును పెంచుతుంది. అందుకే రక్తవాయు పరీక్షలో లాక్టేట్‌నూ (రక్తం చాలనప్పుడు పెరిగేది) క్లోరైడ్‌నూ (సెలైన్‌తో పెరిగేది) పక్కపక్కన పెట్టి చూడాలి.

రింగర్ లాక్టేట్‌లోని లాక్టేట్ ఆమ్లం కాదు, లవణం. కాలేయం దాన్ని వినియోగించుకున్నాక బైకార్బనేట్ మిగులుతుంది. అందులో లీటరుకు 4 మిల్లీమోల్స్ పొటాషియం ఉందని మూత్రపిండాల రోగులకు నిషేధించాలన్నావు. కానీ మూత్రపిండ మార్పిడిలో సెలైన్‌నూ రింగర్ లాక్టేట్‌నూ పోల్చిన 2005 నాటి అధ్యయనంలో పొటాషియం ప్రమాదకరంగా పెరిగింది సెలైన్ వర్గంలోనే. ఆమ్లత్వం కణాల్లోని పొటాషియాన్ని బయటికి తోస్తుంది కదా!

అలాగని సెలైన్‌ను విషంగా చిత్రించకు. విపరీతమైన వాంతులతో క్లోరైడ్ కోల్పోయి రక్తం క్షారం వైపు మొగ్గినవారికి అదే తగిన ద్రవం. మెదడుకు గాయమైనవారికి, రింగర్ లాక్టేట్ ప్లాస్మా కంటే కాస్త పలుచన కాబట్టి వాపు పెరుగుతుందన్న జంకుతో, సెలైన్ వైపే మొగ్గుతారు. ఐసీయూ రోగుల్లో సెలైన్‌ను, ప్లాస్మాకు దగ్గరగా ఉండే ద్రవంతో పోల్చిన 2021, 2022 నాటి రెండు పెద్ద అధ్యయనాల్లో మరణాల సంఖ్యలో స్పష్టమైన తేడా కనబడలేదు.

కాబట్టి నీ వ్యాసం శీర్షికలోని ‘అత్యుత్తమ ద్రవం’ అన్న మాట తీసివేసి, రెండో పేరా తిరగరాసి పంపు.