పర్యావరణ పార్టీలో పనిచేస్తానంటున్న పాప: ఉరవకొండ తండ్రికి జవాబు

ప్రశ్న: మాది ఉరవకొండ దగ్గర పల్లె. చెనిక్కాయ రైతును. మా పాప అనంతపురంలో బీఎస్సీ ఆఖరి సంవత్సరం. బ్యాంకు కోచింగ్‌కు పొమ్మంటే పర్యావరణ పార్టీలో పనిచేస్తానంటోంది. బొగ్గు, అణువిద్యుత్, అడవుల చట్టం మీద అలాంటి పార్టీల మాటలన్నీ చదివి మాకు వినిపిస్తోంది. దీంతో బతుకుతెరువు దొరుకుతుందా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు: అన్నా, ముందు జీతం సంగతి. జర్మనీలో గ్రీన్ పార్టీ 1980లో పుట్టి 1983కే పార్లమెంటులో అడుగుపెట్టింది. అక్కడ ఎంపీల దగ్గర విధానాలు రాసిపెట్టే పనికి జీతం ఇస్తారు. మన దగ్గర అలాంటి పార్టీలకు పార్లమెంటులో సీటే లేదు. పార్టీనే నమ్ముకుంటే ఇల్లు గడవదని పాపకు సూటిగానే చెప్పండి.

అయితే ఆమె చదివేదాన్ని తీసిపారేయకండి. అది మన జిల్లాల గొడవే. అణువిద్యుత్ వద్దని జర్మనీ గ్రీన్స్ మొదటినుంచీ పట్టుబట్టారు, 2023 ఏప్రిల్ 15న అక్కడ చివరి మూడు రియాక్టర్లూ మూతపడ్డాయి. మన కేంద్రమేమో 2047 నాటికి 100 గిగావాట్ల అణువిద్యుత్ కావాలంటోంది. దానికి యురేనియం కావాలి. కడప జిల్లా తుమ్మలపల్లెలో ఆ గని ఉంది. కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల అడవిలో యురేనియం కోసం బోర్లు వేస్తారని 2024లో చుట్టుపక్కల ఊళ్లు రోడ్డెక్కాయి. సరే, బొగ్గూ వద్దు, అణువూ వద్దంటే మిగిలేది సోలారు, గాలిమరలు. కదిరి వైపు ఎన్‌పీ కుంట సోలారు పార్కులో వేల ఎకరాల్లో ప్యానెళ్లు పరిచారు. ఆ బీళ్లలో గొర్రెలు మేపుకునేవాళ్లు ఎక్కడికి పోవాలి? ప్యానెళ్లు కడగడానికి నీళ్లెక్కడివి? ఇలాంటివాటికి లెక్కలతో జవాబు చెప్పగలిగే మనిషికి పార్టీల కంటే ముందు కోర్టుల్లో, కంపెనీల్లో, స్వచ్ఛంద సంస్థల్లో పని దొరుకుతుంది.

ఆ పని ఎలా ఉంటుందో ఒకటి చెప్తాను. పెద్ద గని రావాలంటే కేంద్రం ఇచ్చిన 2006 నోటిఫికేషన్ ప్రకారం, దానివల్ల నీళ్లకూ నేలకూ ఏమవుతుందో చెప్పే పర్యావరణ ప్రభావ నివేదిక తయారుచేసి, మామూలుగా ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, నివేదిక సారాంశం తెలుగులోనూ ఉండాలి. షామియానా కింద మైకు పట్టుకుని "మా బోర్లు ఎండిపోతాయి" అని అరిస్తే మినిట్స్‌లో ఒక లైను రాసుకుంటారు. "మా ఊరి బోర్ల నీటిమట్టం ఏ నెలలో కొలిచారు? ఎండాకాలం లెక్క ఎందుకు లేదు?" అని పేజీ చూపించి అడిగితే దాటేయడం కష్టం. తుది నివేదికలో దానికి సమాధానం రాయాలి. ఆ నివేదిక రాసేవాళ్లకూ జీతాలున్నాయి, అందులో తప్పు పట్టేవాళ్లకూ ఉన్నాయి.

చదువుకు రెండు దారులున్నాయి. ఒకటి ఎమ్మెస్సీ పర్యావరణ శాస్త్రం. కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో చదవొచ్చు, లేదా పీజీ ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ రాసి పాండిచ్చేరి విశ్వవిద్యాలయానికి వెళ్లొచ్చు. రెండోది లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ. నా ఓటు లా చదువుకే. 2023 అటవీ చట్ట సవరణలో, దేశ సరిహద్దుకు 100 కిలోమీటర్ల లోపు వ్యూహాత్మక ప్రాజెక్టులకు ఆ చట్టం నుంచి ఇచ్చిన మినహాయింపును పాప మీకు అర్థమయ్యేలా చెప్పగలదేమో అడిగి చూడండి. చెప్పగలిగితే చెన్నైలో పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్ బెంచ్ ముందు వాదించే దారి ఆమెకు నప్పుతుంది.

ఒక జాగ్రత్త. సర్కారు ఉద్యోగంలో చేరితే పార్టీ సభ్యత్వం కుదరదు. ఈ సంగతి తెలిసే ఎంచుకోవాలి. ఎన్నికల్లో నిలబడాలన్నా సర్పంచ్‌కు 21 ఏళ్లు, ఎమ్మెల్యేకు 25 ఏళ్లు నిండాలి. తొందరేం లేదు.

ఈ సెలవుల్లో అనంతపురం ఏఎఫ్ ఎకాలజీ సెంటర్, చెన్నేకొత్తపల్లి టింబక్టు కలెక్టివ్ లాంటి స్వచ్ఛంద సంస్థల్లో ఇంటర్న్‌గా తీసుకుంటారేమో పాపనే వెళ్లి అడగమనండి. లాసెట్ నోటిఫికేషన్ వచ్చిందంటే మాత్రం ఆఖరి తేదీ దాకా ఆగకుండా అప్లై చేయించండి.