స్థలం సొంతమైతే హోర్డింగ్‌కు అనుమతి అక్కర్లేదా?

ప్రశ్న: ప్రధాన రహదారిని ఆనుకొని మాకు కొంత స్థలం ఉంది. అందులో హోర్డింగ్ నిలబెట్టుకుంటామని ఒక ప్రకటనల సంస్థ అడుగుతోంది. స్థలం మాది, బోర్డు మా కంచె లోపలే ఉంటుంది. అయినా రోడ్డు అధికారుల అనుమతి తీసుకోవాలా?

జవాబు: చాలా దేశాల్లో తీసుకోవలసిందే. బోర్డు మీ స్థలంలోనే ఉన్నా, దానిని చదివేది రోడ్డు మీద బండి నడుపుతున్నవారు. చట్టం ప్రధానంగా పట్టించుకునేది ఆ చూపునే. అమెరికాలో లిండన్ జాన్సన్ అధ్యక్షుడిగా ఉండగా 1965లో వచ్చిన హైవే సుందరీకరణ చట్టం, ప్రధాన రహదారుల హద్దు నుంచి 660 అడుగుల లోపు, వాణిజ్య, పారిశ్రామిక ప్రాంతాలు కానిచోట్ల ప్రకటన బోర్డులను కట్టడి చేసింది. ప్రైవేటు భూములకూ మినహాయింపు ఇవ్వలేదు. దాంతో ఆ దూరం దాటిన చోట మరింత పెద్ద బోర్డులు లేచాయి. చివరికి 1974లో చట్టాన్ని సవరించి, పట్టణాల వెలుపల 660 అడుగులు దాటినా సరే, రోడ్డు మీద వెళ్లేవారు చదవాలనే ఉద్దేశంతో పెట్టిన బోర్డు నియంత్రణలోకే వస్తుందని తేల్చారు.

మీ స్థలంలో మీరే నడుపుకునే వ్యాపారం పేరు చెప్పే బోర్డుకు సాధారణంగా వెసులుబాటు ఎక్కువ. ఇతరుల సరుకు గురించి చెప్పేదానికి, అంటే మీరు అద్దెకివ్వబోయే బోర్డుకు, నిబంధనలు బిగుతుగా ఉంటాయి. కాబట్టి అనుమతి ఎవరి పేరున తీసుకోవాలో, రేపు తొలగించమంటే ఆ ఖర్చు ఎవరు భరించాలో ఒప్పందంలో రాయించుకున్నాకే సంతకం చేయండి.

ఇక చోటు విషయం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు 16 మీటర్లకు పైగా కదులుతుంది. డ్రైవర్ రెండు సెకన్లు బోర్డు వైపు చూస్తే దాదాపు 33 మీటర్లు రోడ్డును చూడకుండానే దాటినట్టు. మలుపులోనో, నాలుగు దారులు కలిసేచోటో, పాదచారులు దాటేచోటో ఆ 33 మీటర్లు ఒక ప్రాణం ఖరీదు కావచ్చు. కూడలి మూల మీద పెట్టిన బోర్డుతో ఇంకో చిక్కుంది. అది అడ్డరోడ్డు నుంచి వచ్చేవారిని కనిపించకుండా చేస్తుంది. లారీ అయితే బోర్డుకు పైనుంచో పక్కనుంచో కొంతైనా కనబడుతుంది గానీ, సైకిలు మీద వచ్చేవారు, నడిచి వచ్చే పిల్లలు పూర్తిగా మరుగున పడిపోతారు. మీ స్థలం అలాంటి మూలలో ఉంటే, అద్దె ఎంత వస్తుందన్నా ఆ ఆలోచన మానుకోవడమే మంచిదని నా అభిప్రాయం. అలాంటి చోటు కాకపోతే, బోర్డు గాలివానకు కూలినా రోడ్డు మీద పడకుండా దాని మొత్తం ఎత్తుకు తగ్గని దూరాన్ని రోడ్డు వైపు వదలండి. వెడల్పాటి రేకు మీద గాలి తోపుడు చాలా ఎక్కువ కనుక పునాదిని ఇంజనీరు చేత లెక్క కట్టించండి.

ప్రశ్న: మా క్లినిక్ లోపలి వీధిలో ఉంది. మలుపు దగ్గరున్న ట్రాఫిక్ గుర్తు స్తంభానికి చిన్న బాణం బోర్డు కట్టుకోవచ్చా?

జవాబు: ఎంత చిన్నదైనా కట్టకూడదు. రోడ్డు గుర్తులు, సిగ్నళ్లపై 1968లో వియన్నాలో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం, ట్రాఫిక్ గుర్తుతో సంబంధం లేని దేనినీ ఆ గుర్తుకు గానీ, దాని స్తంభానికి గానీ తగిలించడాన్ని నిషేధించాలని నాలుగో అధికరణంలో చెబుతోంది. రోగులు దారి వెతుక్కునే ఇబ్బంది నిజమైనదే కనుక, అధికారికమైన దారి సూచిక పెట్టమని రోడ్డు అధికారులకే దరఖాస్తు చేసుకోండి.

ప్రశ్న: సిగ్నల్ వెనకే పెద్ద ఎల్‌ఈడీ తెర పెట్టారు. రాత్రి ఎర్రదీపం ఏదో, ప్రకటన ఏదో తెలియడం లేదు. ఏమని ఫిర్యాదు చేయాలి?

జవాబు: కళ్లకు ఇబ్బందిగా ఉందని మాత్రమే రాస్తే దానిని అభిరుచికి సంబంధించిన విషయంగా పక్కన పెట్టే ప్రమాదముంది. సిగ్నల్ కనబడటం లేదని రాయండి. పైన చెప్పిన అధికరణమే, ట్రాఫిక్ గుర్తులని పొరబడేలా చేసేవి, వాటిని సరిగా కనబడనివ్వనివి, కళ్లు మిరుమిట్లు గొలిపేవి అయిన బోర్డులనూ నిషేధించమంటుంది. పగలు ఎండకు దీటుగా వెలిగే తెర కాంతిని చీకటి పడ్డాక బాగా తగ్గించాలి. చాలాచోట్ల రోడ్డు వైపు తిరిగిన తెర మీద కదిలే బొమ్మలను అనుమతించరు; ఒక్కో ప్రకటన కనీసం కొన్ని సెకన్లు కదలకుండా నిలవాలంటారు. మీ ఫిర్యాదుకు జతచేసే ఫొటోను పేవ్‌మెంటు మీద నుంచి తీయకండి. కారులో పక్క సీట్లో కూర్చున్నవారి చేత, ఎర్రదీపమూ దాని వెనక తెరా ఒకే ఫొటోలో పడేలా తీయించి, తేదీ, సమయం, ఏ దిశ నుంచి వస్తుండగా తీసిందీ రాయండి. తెర మీద ఎర్రరంగు ప్రకటన వచ్చిన క్షణంలో తీసిన ఫొటో దొరికితే దానినే ముందు పెట్టండి.