పాఠకుల ప్రశ్నలు: పండుగ సెలవుల్లో గాయకుని కుటుంబ కచేరీ

ప్రశ్న: మా అబ్బాయి న్యూయార్క్‌లో ఉద్యోగం చేసిన కాలంలో, నవంబరు నెలాఖరుకు మేము అక్కడ ఉంటే చాలు, థాంక్స్‌గివింగ్ పండుగ తరువాతి శనివారం మమ్మల్ని కార్నెగీ హాలుకు తీసుకువెళ్ళేవాడు. అక్కడ ఆర్లో గథ్రీ అనే జానపద గాయకుడు తన వాళ్ళతో కలిసి పాడేవారు. 2013లో వృద్ధ జానపద గాయకుడు పీట్ సీగర్ వచ్చి పాడిన రాత్రి కూడా మేము ఆ సభలో ఉన్నాము. ఇప్పుడు అబ్బాయి కుటుంబం బెంగళూరుకు తిరిగి వచ్చేసింది, ఆ గాయకుడూ కచేరీలు మానుకున్నారు. పండుగ వస్తే అందరమూ కలిసి పాట వినడానికి వెళ్ళాలన్న అలవాటు మాత్రం మా మనుమరాలికి ఉండిపోయింది. మా వారిదొక అభ్యంతరం: ఆర్లో పాడినదానికంటే మాట్లాడినదే ఎక్కువ, దానిని కచేరీ అని ఎలా అంటారని. ఇక్కడ అటువంటి ఆనవాయితీ పెట్టుకోవాలంటే మేము ఎక్కడికి వెళ్ళాలి?
— ఒక పాఠకురాలు, జయనగర్, బెంగళూరు

జవాబు: మీ వారి అభ్యంతరంతోనే మొదలుపెడతాను. మీరు ఇక్కడ ఏమి వెతుక్కోవాలన్నది దాని మీదనే ఆధారపడి ఉన్నది.

ఆర్లో గథ్రీకి పేరు తెచ్చినదే ఒక మాటల పాట. 1965 థాంక్స్‌గివింగ్ నాడు, ఆయనకు పద్దెనిమిదేళ్ళ వయసులో, మసాచుసెట్స్ రాష్ట్రంలో ఒక పాత చర్చిలో కాపురముంటున్న స్నేహితుల ఇంట విందు జరిగింది. అక్కడ పేరుకుపోయిన చెత్తను పారవేసి వద్దామని బండిలో వేసుకుని వెళితే, పండుగ కనుక ఊరి చెత్త వేసే చోటు మూసి ఉన్నది. దానిని ఒక గట్టు కిందికి దొర్లించి వచ్చినందుకు పోలీసులు పట్టుకున్నారు, న్యాయస్థానం జరిమానా వేసింది. ఆ చిల్లర కేసు, వియత్నాం యుద్ధానికి యువకులను పట్టి పంపుతున్న అధికారుల ఎదుట తన విషయంలో ఎంత పెద్ద ప్రశ్న అయి కూర్చున్నదో హాస్యంగా చెప్పే ఆ కథ, 1967లో వచ్చిన రికార్డులో 18 నిమిషాలకు పైగా సాగుతుంది; పల్లవి మినహా మిగిలినదంతా గిటారు మీటుతూ చెప్పిన మాటే. అమెరికాలో కొన్ని రేడియో కేంద్రాలు ఈనాటికీ థాంక్స్‌గివింగ్ నాడు దానిని వినిపిస్తాయి. పండుగకూ ఆ గాయకునికీ ముడి పడినది అక్కడ.

బుర్రకథ విన్నవారికి ఈ పద్ధతి కొత్తగా తోచదు. ప్రధాన కథకుడు తంబురా భుజాన వేసుకుని కథ నడుపుతూ ఉంటే, ఇరువైపులా నిలబడిన వంతలలో ఒకరు హాస్యం, మరొకరు రాజకీయం అందుకుంటారు. పల్నాటి వీరుల యుద్ధం మధ్యలోకి నిన్నటి ఎన్నికను లాక్కువచ్చి, జనాన్ని నవ్వించి, మళ్ళీ కథకుని చేతికి అప్పగిస్తారు. ఆర్లో ఆ మూడు పాత్రలనూ ఒక్కరే పోషించారు. హరికథలోని పిట్టకథలు కూడా ఈ తోవకు చెందినవే. పాడినంతసేపే సంగీతమని గడియారం చూసి లెక్కగడితే, 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ సైతం గట్టెక్కరు. కాబట్టి మీ వారు పద్దును సరిగానే గమనించారు గాని, మాటను సంగీతం ఖాతాలోంచి తీసివేయడం న్యాయం కాదు. పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎందుకు పుట్టింది, ఏ చరణాన్ని ఎవరు వదిలేశారు అన్నది పిల్లలకు తెలిసేది ఆ మాటలలోనే. ఆర్లో తండ్రి ఊడీ గథ్రీ 1940లో రాసిన ‘దిస్ ల్యాండ్ ఈజ్ యువర్ ల్యాండ్’ను అమెరికాలో బడిపిల్లలంతా పాడుతారు, దానిలో సాధారణంగా వదిలివేసే చరణాలను తన చిన్నతనంలో తండ్రే కూర్చోబెట్టి నేర్పారని ఆర్లో చెప్పేవారు. ఆ ముక్క చెప్పకుండా ఉత్త పాట పాడితే, సభలో ఉన్న పిల్లవాడికి అది బడిపాటగానే మిగిలిపోయేది.

కార్నెగీ హాలు 1891లో తెరిచిన సంగీత మందిరం. పెద్ద సభామందిరంలో దాదాపు 2,800 మంది కూర్చుంటారు. జానపద గాయకునికి అది పొసగని చోటని మొదట అనిపిస్తుంది. అయితే 1967 అక్టోబరు 3న ఊడీ మరణించాక, 1968 జనవరిలో బాబ్ డిలన్, సీగర్, ఆర్లో మొదలైనవారు ఆయనకు పాటలతో నివాళి అర్పించినది ఆ హాలులోనే గనుక, ఆ కుటుంబానికి అది పరాయి వేదిక కాదు. సీగర్ పద్ధతి మీకు గుర్తుండే ఉంటుంది: రాబోయే పాదాన్ని ముందుగా అందించి, సభ చేత పాడించి, తాను పక్కకు తప్పుకునేవారు. మీరు విన్ననాటికి ఆయన వయసు 94. ఆ తరువాత రెండు నెలలు గడవకముందే, 2014 జనవరి 27న, కన్నుమూశారు. ఆర్లో 2020 అక్టోబరులో, పక్షవాతం దెబ్బల తరువాత, ఊరూరా తిరిగి పాడడం ఇక సాధ్యం కాదని ప్రకటించారు.

ఇక ఇక్కడి సంగతి. మీరు పోగొట్టుకున్నది ఒక గొప్ప పేరున్న గాయకుని కచేరీ అనుకుంటే, బెంగళూరులో టికెట్లకు కొదవ లేదు, ఏ శనివారమైనా కొనుక్కోవచ్చును. మీరు పోగొట్టుకున్నది ఏటా తప్పని తేదీ, నడుమ నడుమ కథ, సభ గొంతు కలపగలిగే పాట అయితే మాత్రం, నా మొదటి ఓటు కైవారానికి. చిక్కబళ్ళాపురం జిల్లా చింతామణి తాలూకాలోని ఈ ఊరు నారేయణ యోగి, అంటే మనవాళ్ళు కైవారం తాతయ్య అని పిలుచుకునే తత్త్వకవి ఊరు. ఆయన తత్త్వాలు తెలుగులోనూ కన్నడంలోనూ ఉన్నాయి. గురుపూర్ణిమకు అక్కడి మఠంలో సంగీతోత్సవం జరుగుతుంది, కోలారు, చిక్కబళ్ళాపురం వైపు పల్లెల నుండి భజన బృందాలు తరలివస్తాయి. ఇటువంటి బృందాలలో తండ్రి తాళం వేస్తే కొడుకు హార్మోనియం పట్టడం, కోడలు చరణం ఎత్తుకోవడం మామూలు. వేదిక మీది హంగులు తక్కువ, మైకు కొన్నిసార్లు గీపెడుతుంది, కుర్చీల మీద ఆశ పెట్టుకోకండి. అయినా మీ మనుమరాలికి బెంగళూరు పొలిమేరలలో తెలుగు ఎంత పాతుకుని ఉన్నదో తెలియడానికి ఇంతకంటే మంచి చోటు నాకు తోచడం లేదు.

చామరాజపేటలో 1939 నుండి శ్రీ రామసేవా మండలి నడుపుతున్న శ్రీరామనవమి కచేరీలు మీ ఇంటికి దగ్గర; కోట హైస్కూలు మైదానంలో పందిరి కింద త్యాగయ్యనూ రామదాసునూ వింటూ కూర్చోవడానికి పండుగ కంటే వేరే సాకు అక్కరలేదు. అది శాస్త్రీయ సంగీతం, అక్కడ గొంతు కలిపితే పక్కవారు తిరిగి చూస్తారు. మైసూరు దారిలో రామనగర దగ్గరి జానపద లోకం కన్నడ జానపదానికి హెచ్. ఎల్. నాగేగౌడ కట్టిన ఇల్లు. సెలవు దినాన పిల్లలతో వెళ్ళదగినది.

మరొక దారి కొంత శ్రమతో కూడినది. సంక్రాంతికి మీ అపార్ట్‌మెంటు వాసులు కలిసి, హిందూపురం, మదనపల్లె వైపు నుండి ఒక బుర్రకథ కుటుంబాన్ని పిలిపించుకోవచ్చును. పారితోషికం, రానుపోను ఖర్చులు, బస ముందే మాట్లాడుకుని, సగమైనా ముందుగా పంపండి. ‘మంచి ప్రచారం వస్తుంది’ అన్న మాటతో సరిపెట్టడానికి చూడకండి. మైకు వారిది వారు తెచ్చుకుంటారా, మీరు ఏర్పాటు చేయాలా అన్నది కూడా అప్పుడే తేల్చుకోండి. కథను గంటకు కుదించమని మాత్రం అడగవద్దు. కుదింపులో మొదట ఎగిరిపోయేది హాస్యపు వంతే, మీ మనుమరాలికి అసలు కావలసినదీ అదే.

ప్రశ్న: ఆరేళ్ళ, తొమ్మిదేళ్ళ పిల్లలను ఇటువంటి కచేరీలకు తీసుకువెళ్ళవచ్చునా? మా పిల్లలు ఫోను చేతికిస్తే తప్ప ఒకచోట కూర్చోరు.
— ఒక పాఠకుడు, మల్లేశ్వరం, బెంగళూరు

జవాబు: తీసుకువెళ్ళండి, విరామం దాకానే ఉండి వచ్చేయండి. వరుస చివరి సీట్లలో కూర్చోండి. వెళ్ళే ముందు వారంలో ఇంట్లోనో కారులోనో రెండు పల్లవులు అలవాటు చేస్తే, అవి వచ్చేదాకా వాళ్ళే ఎదురుచూస్తారు. ఫోను ఇవ్వకండి, మీరూ తీయకండి, పాటను రికార్డు చేస్తున్నామన్న నెపం మీదనైనా సరే.

ప్రశ్న: గాయకుడు గొప్పవాడు కావచ్చును. ఆయన కొడుకులు, కూతుళ్ళు, మనుమలు కూడా అదే టికెట్టు మీద వేదిక ఎక్కడం సినిమా వారసత్వం వంటిదే కదా? ప్రతిభ ఉన్న బయటి పిల్లలకు ఆ చోటు దక్కదు.
— ఒక పాఠకుడు, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: అడగవలసిన ప్రశ్నే. అయితే సినిమాలో వారసుని కోసం కోట్ల రూపాయలు ఖర్చు పెట్టి, థియేటర్లను ముందే పట్టి ఉంచుతారు. జానపద వేదిక మీద వారసునికి దక్కేది చాలా సందర్భాలలో బస్సు ప్రయాణమూ పాత వాయిద్యమూ మాత్రమే. మన జంగం కథలో కథకునికి వంత పాడినది ఆయన భార్యే. కుటుంబమే దళం కావడానికి మమకారం ఒక్కటే కారణం కాదు. ఊరూరా తిరిగే కళాకారుడు బయటివారికి జీతమిచ్చి పోషించలేకపోవడం అంతకంటే పెద్ద కారణం.

గథ్రీల విషయంలో వారసత్వం అంత తీపిగా ఏమీ లేదు. ఊడీని చంపినది హంటింగ్టన్స్ అనే నరాల వ్యాధి. అది ఉన్నవారి సంతానంలో ప్రతి ఒక్కరికీ సగానికి సగం అవకాశం మేర సంక్రమిస్తుంది; ఆర్లో తల్లి మార్జొరీ ఆ వ్యాధిపై పోరాటానికి 1967లో ఒక సంఘాన్ని స్థాపించారు. తనకది వస్తుందో రాదో తెలియని వయసులో ఆర్లో పాడడం మొదలుపెట్టారు. ఆయన కుమారుడు ఏబ్ ఏళ్ళ తరబడి తండ్రి వెనుక కీబోర్డు వాయించారు. కుమార్తె సారా లీ మొదట తండ్రి పర్యటనల ఏర్పాట్లు చూసుకునేవారు, గిటారు పట్టినది ఆ తరువాతనే. తరువాత తన పాటలు తాను రాసుకుని వేరుగా రికార్డులు చేశారు.

కాబట్టి నా కొలత ఇది: తాత పాటను తాత గొంతుతో అనుకరించి దిగిపోయే మనుమడికి మీ అభ్యంతరం వర్తిస్తుంది, దానికి పక్కన తన పాటనొకదానిని పెట్టగలిగినవారికి వర్తించదు. కుటుంబ కచేరీలో రెండు రకాలవారూ ఉంటారు. మొదటి రకంవారు పాడుతున్నప్పుడు కాఫీకి లేచి వెళ్ళినా ఎవరూ తప్పుపట్టరు.