టెక్ సందేహాలు: గెకో ట్యాంకుకు స్మార్ట్ ప్లగ్ సరిపోతుందా?

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. మా అబ్బాయి లెపర్డ్ గెకో అనే బల్లిని పెంచుకుంటున్నాడు. గాజు ట్యాంకు అడుగున హీట్ మ్యాట్ అతికించి, స్మార్ట్ ప్లగ్‌కు పెట్టి, గంట ఆన్, గంట ఆఫ్ అని ఫోన్‌లో షెడ్యూల్ చేశాను. షాపువాళ్లు థర్మోస్టాట్ కూడా కొనమంటున్నారు, రాత్రికి ఎర్ర బల్బు పెట్టమంటున్నారు. ఇవన్నీ నిజంగా అవసరమా?

జవాబు: వేడిని కొలుస్తూ హీటర్‌ను దానంతట అదే ఆన్, ఆఫ్ చేసే పరికరమే థర్మోస్టాట్. అది అవసరమే, వెంటనే కొనండి. అది వచ్చేదాకా మ్యాట్‌ను మీరు ఇంట్లో ఉండి చూసుకోగలిగినప్పుడే ఆన్ చేయండి. ఎర్ర బల్బు మాత్రం వద్దు.

స్మార్ట్ ప్లగ్ టైమ్ చూసుకుని పనిచేస్తుంది, ట్యాంకులో ఎంత వేడి ఉందో దానికి తెలియదు. ఆగస్టు మధ్యాహ్నం ఏసీ ఆగిపోయి గది కాగిపోతున్నా, జనవరి రాత్రి చలి కొరికేస్తున్నా అదే గంట ఆన్, అదే గంట ఆఫ్. కంట్రోల్ లేకపోతే మ్యాట్ మీది గాజు 45 డిగ్రీల సెల్సియస్ కూడా దాటగలదు, గెకో దాని మీదే పొట్ట ఆనించి పడుకుంటుంది. కాలితే అదే లేచి పక్కకు పోతుందిలే అనుకుంటాం కానీ, కింది నుంచి వచ్చే వేడికి ఈ జంతువులు చాలాసార్లు కదలకుండా అలాగే ఉండిపోతాయి, పొట్ట ఎర్రబడి బొబ్బలు వచ్చాక గానీ మనం గమనించం. హీట్ రాక్ అని రాయిలాంటి హీటర్లు అమ్ముతుంటారు, వాటితోనూ ఇదే ప్రమాదం, ఊరికే ఇచ్చినా తీసుకోకండి.

అలాగని భయపడి వేడి తగ్గించేయకూడదు. గెకో ఒంట్లో మనలా వేడి పుట్టదు, తిన్న పురుగు అరగాలంటే బయటి నుంచి వెచ్చదనం అందాలి, అందకపోతే తిన్నది అరగక కక్కేస్తుంది. వెచ్చటి వైపు నేల 31 నుంచి 33 డిగ్రీలు, అంటే మీ దగ్గరి లెక్కలో 88 నుంచి 91 ఫారెన్‌హీట్ ఉండాలి. చల్లటి వైపు 24 నుంచి 26 చాలు, అది 75 నుంచి 79 ఫారెన్‌హీట్. ఎప్పుడు ఎటు వెళ్లాలో గెకోనే చూసుకుంటుంది, అందుకే మ్యాట్ ట్యాంకు అడుగులో మూడో వంతుకు మించకూడదు.

మ్యాట్‌కు మామూలు ఆన్-ఆఫ్ థర్మోస్టాట్ సరిపోతుంది, ఖరీదైనది అక్కర్లేదు. రేపు హాలోజన్ బల్బుకు మారితే మాత్రం బల్బును పూర్తిగా ఆర్పకుండా కొద్దికొద్దిగా పెంచి తగ్గించే డిమ్మింగ్ రకం తీసుకోండి, లేదంటే బల్బు పదే పదే వెలిగి ఆరుతూ తొందరగా పోతుంది, లోపలున్న ప్రాణికీ చికాకు.

అసలు జాగ్రత్తంతా ప్రోబ్ దగ్గర ఉంది. థర్మోస్టాట్ నుంచి సన్నటి వైరు వస్తుంది, దాని చివర చిన్న బుడిపె, అదే వేడిని కొలిచేది. చాలామంది దాన్ని సక్షన్ కప్పుతో ట్యాంకు గోడకు అతికించేసి వదిలేస్తారు. గెకో తోకతో తగిలించినా, కప్పు ఊడినా అది గాల్లో వేలాడుతుంది, గది గాలి చల్లగా ఉంది కాబట్టి ఇంకా వేడి కావాలని థర్మోస్టాట్ మ్యాట్‌ను ఆపకుండా నడుపుతుంది. కింద నేల కాలిపోతున్నా దానికి తెలిసే దారి లేదు. అందుకే ప్రోబ్‌ను ట్యాంకు బయట, మ్యాట్‌కూ గాజుకూ మధ్య, వేడిని తట్టుకునే టేపుతో గట్టిగా అంటించండి.

అప్పుడు లోపలి నేల వేడి, థర్మోస్టాట్ మీది అంకె ఒకటి కావు, తేడా ఉంటుంది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గన్ కొని, మూత తీసి, పైనుంచి నేరుగా నేల మీదికి పెట్టి చూడండి. గాజు బయటి నుంచి కొడితే అది గాజు వేడినే చూపిస్తుంది, లోపలిది కాదు. నేల 29 చూపిస్తే థర్మోస్టాట్‌ను రెండు డిగ్రీలు పెంచి, రెండు గంటలు ఆగి మళ్లీ కొలవండి. మ్యాట్ మీద మందంగా ఇసుక పోయకండి, వేడి కిందే ఇరుక్కుపోతుంది, టైల్ గానీ పేపర్ టవల్ గానీ మేలు. ట్యాంకును బల్ల మీద ఆనించి పెట్టకుండా నాలుగు మూలలా రబ్బరు కాళ్లు పెట్టి కాస్త గాలి ఆడనివ్వండి.

స్మార్ట్ ప్లగ్‌ను పారేయక్కర్లేదు, వెలుతురు కోసం పెట్టిన లైటుకు వాడుకోండి. ఫోన్‌కు అలర్ట్ పంపే వైఫై థర్మామీటర్ ఒకటి కొని, దాని సెన్సర్ వెచ్చటి వైపు నేల మీద ఉంచి, 35 దాటినా 20కి దిగినా మోగేలా పెట్టండి. థర్మోస్టాట్ పాడైనా మీకు తెలియాలి కదా.

ఎర్ర బల్బు ఎందుకు వద్దంటే, గెకోలకు ఆ వెలుగు కనిపిస్తుంది, వాటి రాత్రి చెడిపోతుంది. చీకట్లో వేడి కావాలంటే వెలుగు ఇవ్వని సిరామిక్ హీటర్ ఉంది, దానికి పింగాణీ హోల్డరే వాడాలి, ప్లాస్టిక్‌ది కరిగిపోతుంది.

మీరున్నది టెక్సస్ కాబట్టి ఒక మాట. 2021 ఫిబ్రవరి మంచు తుపానుకు అక్కడ లక్షల ఇళ్లకు కరెంటు పోయింది, కొన్నిచోట్ల రోజుల తరబడి. అలాంటప్పుడు ట్యాంకు చుట్టూ దుప్పటి కప్పి, గాలి ఆడేలా పైన కాస్త తెరిచి, గుడ్డలో చుట్టిన హీట్ ప్యాక్‌లను ట్యాంకు బయటే పెట్టండి. నాలుగు ప్యాక్‌లు ఇప్పుడే కొని పెట్టుకోండి. గెకో ఒళ్లు చల్లబడి ఉన్నప్పుడు మాత్రం దానికి తిండి పెట్టకండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో మా ట్యాంకులో రెడ్ ఇయర్డ్ స్లైడర్ తాబేలు ఉంది. చలికాలంలో నీళ్లకు హీటర్ పెట్టాలా?

జవాబు: డిసెంబరు, జనవరి రాత్రులకు పెట్టండి, నీళ్లు 24 నుంచి 26 డిగ్రీలుంటే చాలు. థర్మోస్టాట్ ఉన్న అక్వేరియం హీటర్ తీసుకోండి, తాబేలు గుద్దితే గాజు గొట్టం పగులుతుంది కాబట్టి ప్లాస్టిక్ గార్డు ఉన్నదే చూడండి. నీళ్లు మార్చే ముందు ప్లగ్ తీసి పావుగంట ఆగండి, వేడిగా ఉన్న గొట్టం నీళ్లు దిగి బయటపడితే చిట్లుతుంది. వైరు ప్లగ్ దగ్గరికి వచ్చే ముందు కిందికి ఒక వంపు తిరిగేలా వదలండి, వైరు వెంట జారే నీటి చుక్క సాకెట్లోకి కాకుండా నేల మీద పడుతుంది. ఇంట్లో ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్, లేకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ముందు అది పెట్టించండి, హీటర్ ఆ తర్వాత.