మోకాలి వెనక కాలిన మచ్చ బిగుసుకుంటే

ప్రశ్న పర్లాకిమిడి నుంచి: రెండేళ్ల కిందట వేడి గంజి పడి కాలిన పాప కాలు ఇప్పుడు పూర్తిగా చాచలేకపోతోంది, ఎదిగితే అదే సర్దుకుంటుందా?

సర్దుకోదు. ఎముక పెరుగుతుంది, మచ్చ దానితో సమానంగా సాగదు. పాపను బోర్లా పడుకోబెట్టి కాలు మెల్లగా చాపి చూడండి: మోకాలి వెనక తాడులా బిగిసి, పాలిపోయే పట్టీ కనబడుతుంది. బలవంతంగా లాగొద్దు, లోపల నరాలు, రక్తనాళాలు కూడా కుంచించుకుపోయి ఉంటాయి.

రెండేళ్లు దాటిన పట్టీకి నూనె మర్దనా ఒక్కటే చాలదు. పట్టీ సన్నగా ఉండి పక్క చర్మం మెత్తగా ఉంటే జెడ్-ప్లాస్టీ (పట్టీని Z ఆకారంలో కోసి, పక్క చర్మాన్ని అటూ ఇటూ మార్చి కుట్టి పొడవు పెంచడం) చేస్తారు, వెడల్పైతే మచ్చ కోసి తొడ చర్మం అతికిస్తారు. విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లో ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఉంది.

అసలు కష్టం ఆపరేషన్ తర్వాతే. అతికించిన చర్మం ముడుచుకుంటుంది కనుక కాలు చాపి ఉంచే స్ప్లింట్ (గట్టి బద్ద) మొదట్లో రాత్రింబవళ్లు, తర్వాత నెలల తరబడి రాత్రిపూట వేయాలి. నొప్పి తగ్గుతుందని మోకాలి కింద దిండు పెడతారు, దయచేసి పెట్టకండి, మళ్లీ ముడుచుకునేది అక్కడే. చర్మం కుదురుకున్నాక రోజూ కొబ్బరినూనె మర్దనా, సాగదీసే వ్యాయామం చేయించాలి. ఎదుగుదల ఆగేవరకు ఆరు నెలలకోసారి డాక్టరుకు చూపించండి. మచ్చ మీద మానని పుండు కనిపిస్తే అప్పటిదాకా ఆగొద్దు.